సాయవ్వను మొద్దు అన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పట్నంలో కాలేజీ చదివి, పెళ్లయి కామారెడ్డి వచ్చాను. ఆడపిల్లలను బడికి పంపమని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి తల్లులను బతిమాలేదాన్ని. ఎల్లారెడ్డిలో కూలికి నాట్లు వేసే నర్సవ్వ ఒక్కతే నన్ను నమ్మింది. మా ఇంట్లో ఉంచుకుని చదివిస్తానంటే, తొమ్మిదేళ్ల కూతురు సాయవ్వను నాకు అప్పగించింది.

అప్పుడు నా పాపకు మూడు నెలలు. ఊరికే ఏడ్చేది. ఎక్కడ ఊపిరి ఆగిపోతుందోనని నాకు కంటిమీద కునుకుండేది కాదు. నాలుగు రోజులు ఉయ్యాల దగ్గర కూర్చోమని సాయవ్వతో అన్నాను. నాలుగు రోజులు కాస్తా ఏడాది దాటాయి. మోసం చేయాలనే తెచ్చానా? కాదు. మరి రోజూ బడి గంట మోగే వేళకు పాపను ఆమె ఒళ్లో పెట్టిన చేతులు ఎవరివి?

బడి మా వెనక గోడకు అవతలే. అక్కడి పిల్లలు అప్పజెప్పే ఎక్కాలు విని, సాయవ్వ వాటినే జోలపాటగా పాడేది. పన్నెండో ఎక్కం దాకా, ఒక్క తప్పు లేకుండా. నేను విన్నాను.

కోతలయ్యాక నర్సవ్వ కూతురిని చూడవచ్చింది.

“నా బిడ్డకు ఎన్ని అచ్చరాలొచ్చినయ్ దొరసానీ? నీ బిడ్డ తాసీల్దారైందా అని ఊర్లె నవ్వుతున్నరు. జర సదివిపియ్యి, నేనింట.”

సాయవ్వ నావైపు చూసింది. నేనేదో చెప్పి గట్టెక్కిస్తాననుకుంది.

“ఏం చెప్పాలె నర్సవ్వా, ఎంత చెప్పినా ఎక్కుతలేదు. మొద్దు.”

నర్సవ్వ కూతురి చెంప పగలగొట్టింది. “ఏడాది కూసుండవెట్టి బువ్వ పెడితే గిదానే నువ్వు నేర్సింది, దున్నపోతా!” తర్వాత వంగి నా కాళ్లు మొక్కింది. “తప్పయింది తల్లీ. మా రాత గంతే. నిన్ను తిప్పలవెట్టినం.”

మొక్కించుకున్నాను.

సాయవ్వ ఏడవలేదు. పాప మీద దుప్పటి సర్ది తల్లి వెంట వెళ్లిపోయింది. ఆ ఏడే పెళ్లి చేశారు.

అక్కడితోనైనా ఆగానా? తర్వాత జరిగిన స్త్రీల సభలో, చదువుకునే పిల్లను బడి మాన్పించి పెళ్లి చేసిన ఎల్లారెడ్డిలోని ఒక తల్లి గురించి మాట్లాడాను. ఇలాంటి తల్లుల అజ్ఞానమే మనకు శత్రువు అన్నాను. చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఇప్పుడు నా కూతురు బడికి వెళుతోంది. దాన్ని ఎవరైనా మొద్దు అంటారేమోనని వణుకుతాను. ఇది పశ్చాత్తాపమా, లేక ఇప్పుడూ నా బిడ్డ గురించిన దిగులేనా? ఎల్లారెడ్డి వెళ్లి నర్సవ్వకు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. ఇది అచ్చయినా ఆ తల్లీకూతుళ్లు చదవలేరు. అది తెలిసే రాస్తున్నానేమో.

సాయవ్వ మొద్దు కాదు. ఆమెను నేను ఒక్కరోజు కూడా బడికి పంపలేదు.

రాశాను. మనసు తేలికపడింది. అందుకూ సిగ్గుగానే ఉంది.