అన్నయ్య పాదం దగ్గర ఉన్న ఆ చెయ్యి నాది

నిన్న పొద్దున్న టీ కప్పు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. మా అప్పలస్వామి అన్నయ్య పోయాడట.

కప్పు కింద పెట్టేశాను.

వారం కిందటే హాస్పిటల్లో చూసి వచ్చాను. నాతో గొడవపడే ఓపిక అప్పటికింకా ఉంది. ఇంత తొందరగా పోతాడనుకోలేదు.

ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. నచ్చనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయండి, ఏమీ అనుకోను.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. జెంటిల్‌మన్ అట. పెద్ద మనసట.

మా సొంతూరు విజయనగరం వెళ్లే రైల్లో కిటికీ సీటు ఏనాడూ నాకు వదలని మనిషి. పెద్ద మనసు.

సరే, పోయినవాళ్లంతా మంచివాళ్లే. కానీ ఆ ఫోటో మాత్రం నన్ను ఊరుకోనివ్వడం లేదు.

దుర్గాపూజ పండల్ స్టేజి మీద అన్నయ్య గిటార్ పట్టుకుని నవ్వుతున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో. అన్నయ్య మనవడు గ్రూపులో పెట్టి, కింద "సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్ తయారుచేసిన మా తాతయ్య" అని రాశాడు.

సొంతంగానా?

ఒకసారి జూమ్ చెయ్యి నాన్నా. మీ తాతయ్య ఎడమ పాదం దగ్గర, తెర కింద నుంచి ఒక చెయ్యి కనబడుతుంది. మడమ పట్టుకుని ఉంటుంది. ఆ చెయ్యి నాది.

డెబ్బైల మొదట్లో సంగతి. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేట, అక్కడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అన్నయ్య వర్క్‌షాపులో పెయింటర్. నేను కాలేజీ. మా లైనులోనే ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు గారి అబ్బాయి రాబిన్ నాకు గిటార్ నేర్పేవాడు. పక్కన కూర్చుని చూసి అన్నయ్యా నాలుగు పాటలు పట్టేశాడు. వాళ్ల కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతుంటే, ఎవరో బంధువులు పంపిన ఎలక్ట్రిక్ గిటార్ కిట్టు విప్పకుండానే తెచ్చి ఇచ్చాడు.

నాకు ఇచ్చాడు. అన్నయ్యకి కాదు.

డబ్బాలో చెక్క బాడీ, నెక్, తీగలు, వాటి మోత పట్టే పికప్, వైర్లు, ఏది ఎక్కడ బిగించాలో చెప్పే ఇంగ్లీషు కాగితం. అన్నీ వంటింట్లో పరుచుకుని కూర్చున్నాను. చెక్కని గరుకు కాగితంతో నేనే రుద్దాను. అమ్మ కుంపట్లో కడ్డీ కాల్చి వైర్లకి సోల్డరింగ్ నేనే చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

అన్నయ్య రంగు వేశాడు. అంతే.

ఖరిదా బజార్లో రైలుపెట్టె ఎరుపు డబ్బా కొనుక్కొచ్చాడు. తీగలు ఆనే ఇనుప ముక్కని బ్రిడ్జి అంటారు. దాని కింద ఒక వైరు నేరుగా ఇనుముకి తగలాలి, లేకపోతే రొద వస్తుంది, అక్కడ రంగు పడకూడదని ఆ కాగితంలో ఉంది. చదివి వినిపించాను.

"కాయితం సదివి నాకు రంగెయ్యడం నేర్పుతావేటి? ఎన్ని పెట్టెలకేసినాను నేను."

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అంతా ఎరుపే. వైరు మీద, బ్రిడ్జి కింద కూడా. ఊడకుండా జిగురు పోసి మరీ బిగించేశాడు. విప్పితే చెక్క పగులుతుంది.

పండల్‌లో మైక్‌సెట్‌కి కలపగానే గుయ్యిమని ఒకటే రొద. మైక్‌సెట్ నడిపే బెంగాలీ దాదా చెవులు మూసుకుని "ఎటా కీ, మౌమాఛి నాకి?" అన్నాడు. తేనెటీగలు తెచ్చారా అని.

ఉపాయం కూడా నేనే కనిపెట్టాను. ఇంకో వైరు బయటికి లాగాను. అది వాయించేవాడి ఒంటికి తగిలితే రొద ఆగిపోతుంది. మణికట్టుకి కట్టుకోమన్నాను.

"మేకని కట్టినట్టు కట్టేస్తావేటిరా? ఆడపిల్లలు సూస్తారు."

ఇక మిగిలింది ఒక్కటే. నేను తెర వెనక కూర్చుని ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో అన్నయ్య కాలు పట్టుకోవాలి. నా ఒంటి మీదుగా తగిలినా పని జరుగుతుంది. అందుకు బదులుగా రెండో పాట నాది. అమ్మ ముందు మాట ఇచ్చాడు.

పూజలో వాయించాలని ఆ ఒక్క పాటనే వేసవంతా వేళ్లు కాయలు కాసేలా సాధన చేశాను.

మొదటి పాట అయింది. చప్పట్లు. కాలు గుంజాను. రెండోది మొదలుపెట్టాడు. మళ్లీ గుంజాను. మూడోది అందుకున్నాడు.

చెయ్యి వదిలేద్దామనుకున్నాను. వదిలితే పండలంతా రొద. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో అమ్మ, మొహం వెలిగిపోతూ. వదల్లేకపోయాను.

నా పాట ఎవరూ వినలేదు. మరుసటి ఏడు పూజకి నెక్ వంకరపోయి గిటార్ అటకెక్కింది. నేను మళ్లీ ఇంకో గిటార్ ముట్టుకోలేదు.

వారం కిందట హాస్పిటల్లో అడిగేశాను. "అన్నియ్యా, ఆ రోజు నాకెందుకియ్యనేదు?"

తడుముకోకుండా చెప్పాడు. "నువ్వు వాయిస్తే నీ కాలు నేను పట్టుకోవాల కదరా. పెద్దోణ్ణి. అమ్మ ఎదురుగా తమ్ముడి కాలు ఎలగ పట్టుకుంటాను?"

"కాలే ఎందుకు? నేనైతే వైరు సేతికే కట్టుకునేవోణ్ణి. నేదంటే భుజం మీద సెయ్యేసినా సరిపోయేది కదా."



"తట్టనేదురా సూరీ," అన్నాడు.

ఇన్నేళ్ల నా కోపానికి జవాబు అది. తట్టలేదట. కావాలనే చేశానన్నా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి.

సారీ చెప్పలేదు. నేనూ పోనీలే అనలేదు. ఈసారి వచ్చి తేల్చుకుందామని విసురుగా లేచి వచ్చేశాను.

గొడవ సగంలో వదిలేసి పోయావు. అదీ నీ పద్ధతే.

వెళ్లిరా అన్నయ్యా. నువ్వు ప్రశాంతంగా ఉండు. నా వల్ల మాత్రం కావడం లేదు.