మత్ నయన్ డీజిల్ పరీక్ష

మలేషియాలోని పెనాంగ్‌లో మత్ నయన్ అనే డ్రైవర్ డీజిలూ కరెంటూ లేకుండా ఊరంతా బస్సు నడిపాడు. ఊరంతా అంటే మరీ ఎక్కువ చెప్పినట్టు. ఒక్క కూడలి దాటించాడు, అదీ నలుగురు తోస్తే.

మత్ నయన్‌కి తెలిసింది ట్రాలీబస్సే. నెత్తిన రెండు కొమ్ములు పైతీగలకు ఆనించి కరెంటుతో కదిలే ఆ బస్సుకు గేర్లు లేవు. కాలు నొక్కితే పిల్లిలా పోతుంది. తీగలు ఒకదాన్నొకటి దాటే చోట మాత్రం గజం మేర కరెంటుండదు. ముందే కాలు తీసి, ఉన్న ఊపుతో దాటేయాలి. అక్కడ ఆగితే జనం దిగి తోయాల్సిందే. మత్ నయన్ ఎన్నడూ ఎవరిచేతా తోయించలేదు.

తీగలు పీకేసే రోజులొచ్చాయి. పాత డ్రైవర్లు డీజిల్ బస్సు పరీక్ష నెగ్గాలి, లేదా బస్సుల షెడ్డు ఊడ్చాలి. మత్ నయన్ ఇంట్లో బల్ల మీద కూర్చుని, రోకలిబండ గేరు చేసుకుని సాధన చేశాడు.

"మీ గేరు కాస్త ఇటిస్తే మిరపకాయలు దంచుకుంటాను," అనేది భార్య కల్సోం.

"మూడో గేరులో ఉన్నాను, ఆగు."

"షెడ్డులో చీపురుకి ఒకటే గేరట. దానికైతే ఈ తిప్పలుండవు."

పరీక్ష రోజు పక్కన ఇన్‌స్పెక్టర్ రొజారియో, ఆయనా ఒకప్పటి ట్రాలీ కండక్టరే. వెనక తమ వంతు కోసం ముగ్గురు డ్రైవర్లు. ఆరు దార్ల కూడలి దాకా బస్సు బుద్ధిగానే వచ్చింది. అక్కడ తీగలు పీకేసి వారమైంది. ఆ సంగతి మత్ నయన్ తలకు తెలుసు, కాలికి తెలియదు. అది తనంతట తానే పైకి లేచింది. బస్సు మెల్లబడి, వణికి, కూడలి నడిమధ్య ఆగిపోయింది.

"ఏమయ్యా, ఎందుకాపావు?"

"ఇక్కడ కరెంటుండదు సార్."

"ఇప్పుడు ఎక్కడా ఉండదయ్యా."

ఈలోగా వెనకాల ముగ్గురూ ఎవరూ చెప్పకుండానే దిగి తోస్తున్నారు. మీట నొక్కి ఇంజను మళ్ళీ స్టార్టు చేయొచ్చని ఒక్కరికీ తట్టలేదు. మత్ నయన్ గేరు తప్పించి స్టీరింగు పట్టుకున్నాడు. బస్సు అవతలికి చేరాక చూసుకుంటే, నాలుగో భుజం రొజారియోది.

ఆయన చొక్కా దులుపుకున్నాడు. "నిన్ను ఫెయిల్ చేస్తే, తోసినందుకు నన్నెవరు ఫెయిల్ చేస్తారో చూడాలి," అని పాసు రాసేశాడు.

ఈ కథ టీ కొట్లో ఎవరెత్తినా మత్ నయన్‌ది ఒకటే మాట.

"శుద్ధ అబద్ధం. బస్సు ఆగలేదు, రొజారియో దిగలేదు. నాకసలు ఏ పరీక్షా పెట్టలేదు."