గఫూర్ సార్ అడిగిన ఏడో పేజీ

మొన్న ఖమ్మంలో పార్సెల్ ఆఫీసు దగ్గర డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కీచుమంటుంటే, నా పక్కనున్న పాత సహోద్యోగిని మళ్లీ అదే పాట ఎత్తుకుంది. "గఫూర్ సార్‌కు కంప్యూటర్ ఏం తెల్సు? గా డిస్కుల లొల్లి తీర్చింది నువ్వే గదా!" ఏళ్లుగా వింటున్నాను. ఈ పొగడ్త నాకొద్దు. ఇది అబద్ధం.

తొంభైల చివరి సంగతి. మణుగూరు దాటాక ఒక చిన్న దవాఖానాలో రోగుల వివరాలన్నీ ఒకే కంప్యూటర్లో ఉండేవి. ఏది రాసినా రెండు డిస్కుల్లోనూ పడాలి, ఒకటి చెడితే రెండోది ఆదుకోవాలి. ఆ పని చూసే డ్రైవర్ ప్రోగ్రాం వారానికోసారి బిగుసుకుపోయేది. ఇక ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేను టెంపరరీ ప్రోగ్రామర్ని. నెలాఖరుకి బాగుపడకపోతే కంప్యూటర్‌తో పాటు నన్నూ పంపించేస్తామని సూపరింటెండెంట్ తేల్చేశాడు.

మా సెక్షన్ పెద్ద గఫూర్ సార్ అంతకుముందు రికార్డు రూము గుమాస్తా. ప్రోగ్రాం రాయడం ఒక్క ముక్క రాదు. "దీంట్ల నువ్వేమన్న చెయ్యి పెట్టినవా, బేటీ?" అని మొదటే అడిగారు. "లేదు సార్" అన్నాను. పెట్టాను. డిస్కు మొరాయించినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ఒక ముక్క నేనే కలిపాను, తెలివి చూపించుకుందామని.

ఆయన ప్రోగ్రామంతా ప్రింటు తీయించి, పాత అలవాటుకొద్దీ ప్రతి కాగితానికీ ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేశారు. "ఇగ చదువు. ఏది దేనికోసం ఆగింది, దాన్ని పట్టుకున్నదెవరు, గంతే చెప్పు."

"మీకు అర్థం కాదు సార్."

"నాకెందుకు అర్థం కావాలె? నువ్వు చెప్పు."

మూడు రోజులు! వరుస వరుసకీ అవే రెండు ప్రశ్నలు. ఆ కాగితాలు బల్ల మీద విసిరికొట్టి పోదామనిపించింది. ఆరో పేజీ నుంచి ఎనిమిదికి దూకాను.

"ఏడో పేజీ ఏది?"

"అందులో ఏం లేదు సార్."

"లేకుంటే జల్దీ అయితది. చదువు."

చదివాను. నా ముక్క డిస్కుల జాబితాని ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం వేసి, సగంలో ఉన్న రాతలు పూర్తయ్యేదాకా ఆగుతోంది.

"రాతలెందుకు ఆగినయ్?"

"తాళం కోసం సార్. వాటికీ ఆ జాబితానే కావాలి."

"తాళం ఎవరి దగ్గరున్నది?"

"నా దగ్గరే. ఇది నేను రాసిందే సార్."

"అయితే ముందు ఇడువు, తర్వాత ఆగు" అన్నారు, అంతే. రెండు వరుసలు అటూ ఇటూ మార్చాను. మళ్లీ ఎన్నడూ బిగుసుకోలేదు. సూపరింటెండెంట్ అడిగితే "మా అమ్మాయే చేసింది" అన్నారాయన. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఉద్యోగం నిలిచింది.

ఇప్పటికీ ఇంట్లోనో ఆఫీసులోనో ఏదైనా పీటముడి పడితే, మొదట నేనేం పట్టుకుని కూర్చున్నానో చూసుకుంటాను. కానీ ఆయన మీద కోపం మాత్రం పోలేదు. నా అబద్ధం మొదటిరోజే తెలిసిపోయిందా? తెలిస్తే ఒక్క మాటలో నిలదీయక, మూడు రోజులు నా చేత ఎందుకు చదివించినట్టు?