బావ వేలూ, నా కంప్రెసరూ

నరసరావుపేటలో మా చర్చిలో పదకొండేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఈ పదకొండేళ్లలో నా గిటార్‌కి జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తున్నాయి. ఒక క్రిస్మస్‌కి కీబోర్డు వాయించినవాళ్లకీ, తబలా వాయించినవాళ్లకీ, చివరికి షామియానా వేసినవాళ్లకీ పేరుపేరునా వందనాలు చెప్పి నన్ను వదిలేశారు. ఇంకోసారి ఉక్కపోతగా ఉందని నా ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకి అక్కడ టేబుల్ ఫ్యాను పెట్టారు. రెండు చరణాలు అయ్యేదాకా ఎవరికీ తేడా తెలియలేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ మిక్సర్ దగ్గర కూర్చునే మా మేనత్త కొడుకుతో. పాట ఎత్తుకోగానే నేను గట్టిగా ఒక్క స్ట్రోక్ వేశానో లేదో, బావ వేలు నా గిటార్ శబ్దాన్ని పెంచి తగ్గించే స్లైడర్ మీదికి పోయేది. దాన్ని కిందికి లాగి, ఇక అటు చూసేవాడు కాదు. తర్వాత పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు వెనక నేను ఒక్కో తీగే మెల్లగా పలికిస్తే, ఆ శబ్దం నా ఒడి దాటి పోయేది కాదు. ఇదేందని అడిగితే నలుగురి ముందూ అన్నాడు: "నీ గిటార్ వినపడితే చెవులు పోతన్నయ్ బావా, లేకపోతే అసలు లేనే లేదు. మధ్యలో ఏదన్నా ఉంటే పట్రా, పెడతా." నలుగురూ నవ్వారు.

దీని మీద సంఘ పెద్దకి రెండుసార్లు కాగితం రాసిచ్చాను. ఫలితం ఎదురు తిరిగింది. కీబోర్డులోనే గిటార్ శబ్దం వస్తోందట, ఇద్దరి మధ్య గొడవ దేనికి, ఇక నుంచి కింద కూర్చుని పాడుకోమన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవనని అర్థమయ్యాక, సరే, నాలుగు ఆదివారాలు చూద్దామన్నాడు.

ఆ నాలుగు ఆదివారాల కోసమే కంప్రెసర్ గురించి చదివాను. పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పైకి తెచ్చే పెడల్ అది. గుంటూరులో సంగీత వాయిద్యాల కొట్టుకి వెళ్లి అడిగితే, "చర్చిలో వాయించుకునేదానికి అవన్నీ ఎందుకు సార్" అన్నాడు కొట్టువాడు. వాడి దగ్గర కొనేది లేదని అక్కడే తేల్చుకున్నాను. ఇంటర్నెట్లో సర్క్యూట్ బొమ్మ దొరికింది. నేను బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఎరగను. అయినా పట్టుకున్నాను.

ఆ సర్క్యూట్‌కి గుండెకాయ రెండు చిన్న భాగాలు. ఒకటి ఎల్‌ఈడీ. రెండోది వెలుతురు పడితే గుణం మారే బిళ్ళ, సాయంత్రమయ్యేసరికి వీధి దీపాలు వాటంతటవే వెలిగేది ఇలాంటి బిళ్ళ వల్లే. రెండూ ఎదురెదురుగా ఉంటాయి. తీగ గట్టిగా మోగితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆ వెలుగు చూసి బిళ్ళ శబ్దాన్ని కిందికి తొక్కుతుంది. తీగ మెత్తగా మోగితే ఎల్‌ఈడీ వెలగదు, బిళ్ళ వదిలేస్తుంది. అంతే.

బడి నుంచి వచ్చి సాయంత్రాలు కూర్చుని వారంలో అతికించాను. చెయ్యి రెండు చోట్ల కాలింది. స్టీలు టిఫిన్ డబ్బాకి బెజ్జాలు వేసి లోపల పెట్టి, మూత తీసే ఉంచి గిటార్ తగిలించాను. శబ్దం వచ్చింది కానీ వణికింది. చలిజ్వరం వచ్చినవాడు పాడినట్టు వణికింది. ఆపకుండా వణికింది.

భాగాలు కొన్నది రేడియోలు, మిక్సీలు బాగుచేసే భాయ్ దగ్గర. పాత బిళ్ళ అంటగట్టాడని వెళ్లి పోట్లాడాను. ఆయన డబ్బాకి తన స్పీకర్ తగిలించి, తీగ మీటమన్నాడు. శుభ్రంగా మోగింది. ఇంటికి తెస్తే మళ్లీ వణుకు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి భాయ్ మీ ఇంట్లో ఎక్కడ పెట్టి వాయిస్తున్నారని అడిగాడు. హాల్లో, బల్ల మీద అన్నాను. పైన ఏముందన్నాడు. సీలింగుకి బల్బు, దాని కింద ఫ్యాను అన్నాను. ఆయన నన్ను తీగ మీటమని, టార్చి వెలిగించి, డబ్బా మీద పట్టి, దాని ముందు అరచెయ్యి ఆడించాడు. శబ్దం వణికింది. చెయ్యి ఆపాడు, వణుకు ఆగింది.

"ఇది కన్ను మాస్టారూ," అన్నాడు. "దీనికి మీ ఎల్‌ఈడీ ఒక్కటే కనపడాల. మీరేమో లోకంలో వెలుతురంతా చూపించి, అది చూస్తే నన్ను తిట్టబడితిరి."

ఇంట్లో ఫ్యాను రెక్కలు బల్బుకి అడ్డం వచ్చినప్పుడల్లా ఆ బిళ్ళ తొక్కడం, వదలడం చేసిందన్నమాట. భాగాలు రెండూ కలిపి నల్ల గొట్టంలో మూశాను. భాయ్‌కి క్షమాపణ చెప్పాను.

వణుకు పోయింది కానీ నాకు సంతోషం కలగలేదు. గట్టి స్ట్రోక్ వేస్తే డబ్బా దాన్ని పట్టి కిందికి నొక్కేసింది. బావ చేసే పనే. నన్ను తొక్కడానికి నా చేత్తో నేనే ఇంకో బావని తయారుచేసుకున్నానా అని డబ్బా పక్కన పడేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. అప్పటికే నాలుగు ఆదివారాల్లో రెండు అయిపోయాయి.

మూడో రోజు కోపంగానే డబ్బా మీది నాబులు సగానికి తిప్పి, ప్రార్థనలో వాయించేదే వాయించాను. ఒక తీగ మీటి వదిలాను. ఎప్పుడూ అరక్షణంలో చచ్చే శబ్దం చావలేదు. సన్నగా, నిలకడగా సాగింది. ఇంకో తీగ కలిపితే, దాని కింద ఉంగరం వేలు పలికించే స్వరం వినపడింది. పదకొండేళ్లుగా వాయిస్తున్నా ఆ స్వరాన్ని నేను బయటి నుంచి విన్నది అప్పుడే. వేలు తీగ మీద జారిన గీరుడు కూడా వినపడింది, తప్పు పట్టు కూడా. డబ్బా దేన్నీ దాచలేదు.

ఫోన్లో పాత రికార్డింగులు పెట్టుకుని విన్నాను. నా స్ట్రోకులు నిజంగానే చెవులు కోసేటట్టున్నాయి. వినపడడంలేదన్న ఉక్రోషంతో కొట్టినవి. బావ తొక్కడం తప్పు కాదు, తొక్కాక వేలు తియ్యకపోవడం తప్పు. డబ్బా రెంటినీ సరిగ్గా చేసింది. సగం తప్పు నాదని ఒప్పుకునేసరికి మూడో ఆదివారం కూడా దాటిపోయింది.

నాలుగో ఆదివారం డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. మొదటి పాటకి స్ట్రోక్ వేయగానే బావ వేలు స్లైడర్ మీదికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది, లాగలేదు. ప్రార్థనలో నేను ఒక్కో తీగే పలికించాను. వెనక వరసలో ఒకావిడ కళ్లు మూసుకుని ఆ లయకే తల ఊపడం చూశాను. ఆరాధన అయ్యాక సంఘ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "ఇయ్యాల ఎవరూ ఏమీ అనలా. ఉండు" అని వెళ్లిపోయాడు. బాగుందని మాత్రం అనలేదు. అది కూడా నాకు గుర్తుంటుంది.

బావ వైర్లు చుడుతూ నా దగ్గరికి వచ్చాడు. అయ్యగారు ఒకసారి అరుస్తారు, ఒకసారి గుసగుసలాడతారు, తన వేలు అరిగిపోతోందట.

"అట్టాంటి డబ్బా మైక్‌కి కూడా ఒకటి చేసిపెట్టు బావా."

"చేస్తా," అన్నాను. "ముందు ఇయ్యాల గిటార్ బాగుందని పెద్దాయన ముందు చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అతను నా మొహం చూశాడు. నవ్వుతానేమోనని చూశాడు, నేను నవ్వలేదు. వైర్లు కుర్చీ మీద పెట్టి పెద్దాయన్ని వెతుక్కుంటూ బయటికి పోయాడు. నేను గిటార్ మెడలో నుంచి తియ్యకుండా అక్కడే నిలబడ్డాను.