కమ్మరాయన అడిగిన మాట

తమిళనాడులోని ధర్మపురి నుంచి నల్లంపల్లికి బస్సులో పోతూ ఫోన్‌లో ఒక చర్చ చూస్తున్నాను. త్రీడీ ప్రింటర్‌తో ఇంట్లోనే తుపాకీ చేసుకోవచ్చట. దాన్ని ఆపాలా వద్దా అని ఇద్దరు గొంతులు చించుకుంటున్నారు. కండక్టర్‌తో తమిళంలో మాట్లాడిన పక్కసీటు అవ్వ, తెలుగు వినపడగానే తొంగిచూసింది.

"ఏంది నాయనా అది?"

చెప్పాను.

"మా ఊర్లో కమ్మరాయన తుపాకులు చేస్తా ఉండె, అడివిపందుల్ని తోలేదానికి. మా ఇంటాయన తుపాకి కావాలంటే, ఆ కమ్మరాయన ముందు నా దగ్గరికి వచ్చినాడు."

"మీ దగ్గరికెందుకవ్వా?"

"పెండ్లాము సరే అంటేనే చేసేది. మా ఆయన తాగొచ్చి కొడతా ఉండె. వద్దంటి. చేయలే."

ఫోన్‌లో ప్రింటర్ గీతమీద గీత పేర్చుకుంటూ పోతోంది. అవ్వ దాన్నే చూస్తూ అడిగింది.

"ఈ మిషను ఎవుర్ని అడుగుతాది?"