కాల్‌బుక్‌లో నా సంతకం

బి.ఏ. ఆఖరి పరీక్షల్లో మూడో పేపరు నాడు నేను హాలుకి వెళ్లలేదు. నాగపూర్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని నారింజపళ్లు తిన్నాను. ఆరు తిన్నానో ఏడు తిన్నానో గుర్తులేదు.

అది భయపడి పారిపోవడం అనుకునేరు. లెక్క వేసుకుని చేసిన పని. మొదటి రెండు పేపర్లూ తగలబెట్టేశాను. మూడోది ఎంత బాగా రాసినా థర్డ్ క్లాసు దాటదు. నాకేమో లెక్కల్లో ఎం.ఏ. చదవాలని ఆశ. సెకండ్ క్లాసు లేనివాణ్ణి ఎం.ఏ. గుమ్మం ఎక్కనివ్వరు. మా లెక్కల మాస్టారు ముందురోజు సాయంత్రం నన్ను పక్కకి పిలిచి, "థర్డ్ క్లాసులో ఒకసారి పాసయ్యావంటే అది జన్మంతా నిన్ను వదలదు. ఫెయిలైనవాడు వచ్చే ఏడాది మళ్లీ కూర్చోవచ్చు. పాసైనవాడికి ఆ వీలు లేదు. ఆలోచించుకో" అన్నారు. నేను ఆలోచించుకున్నాను. ఆలోచన ఫలితమే ఆ నారింజపళ్లు.

బిలాస్‌పూర్ బండి ఎక్కాక గానీ అసలు పరీక్ష గుర్తుకి రాలేదు. ఈ సంగతి మా నాన్నకి చెప్పాలి.

మా నాన్న గూడ్సు డ్రైవరు. మా తాత లైను వేసే రోజుల్లో విజయనగరం పక్క నుంచి గ్యాంగు కూలీగా వచ్చాడు. నాన్న షెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనరుగా మొదలుపెట్టి, బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, డ్రైవరయ్యాడు. మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల మగపిల్లలకి మీసం రావడమే ఆలస్యం, షెడ్డులో పేరు రాయించేసేవారు. నన్నొక్కణ్ణి ఎందుకో నాగపూర్ కాలేజీకి పంపారు. అందుకే కాలనీ అంతా నా చదువుని తన చదువులాగే చూసేది, అంటే ఎప్పుడూ సందేహంగానే.

నాన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకున్నాక సంగతి చెప్పాను.

"రాస్తే పాసవుదువా?"

"అవుదును నాన్నా."

"మరేటి రోగం? ఎందుకు రాయలేదు?"

"అలా పాసయితే పనికిరాదు."

గ్లాసు కింద పెట్టాడు. "సిగ్నల్ పడిపోనాది. లైన్ కిలియర్ ఉంది. నివ్వు బండిని నడిమజ్జన ఆపేసి దిగిపోనావు. మా షెడ్డులో ఎవుడైనా ఇలగ సేస్తే ఏటవుతాదో తెలుసా?"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఆడేటి, దొంగతనం సేసినాడా? ఇంకో ఏడు సదూతానంతన్నాడు. అలగ నిలబెట్టి అడగతారేటి గుంటణ్ణి?"

అమ్మ మాట మీద నాకో ఏడాది దొరికింది. నాన్న తీర్పు మాత్రం స్పష్టంగా చెప్పాడు. "ఒక్క ఏడు. సెకండ్ కిలాసు ఒచ్చిందా, ఎల్లి నీ ఎమ్మే సదూకో. రాలేదా, మర్నాడే షెడ్డుకొచ్చి ఇంజన్ తుడవాల. ఫోర్‌మన్‌తో మాటాడేస్తాను." అన్నట్టే ఆ వారంలోనే మాట్లాడేశాడు. షెడ్డు ఫోర్‌మన్ ఒక దొర. వచ్చే వేసవికి క్లీనరు ఖాళీ ఒకటి ఉంచుతానన్నాడట. నా కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగం ఈ భూమ్మీద అదొక్కటే.

కాలనీకి జవాబు చెప్పుకోవడం మరో తలనొప్పి. పక్క క్వార్టర్ గార్డుగారి భార్య కుళాయి దగ్గర పట్టుకుని, "అచ్ఛా! కావాలనే తప్పినావా బాబూ?" అని అడిగింది. అవునన్నాను. "పోన్లే, మా తమ్ముడూ అలగే సెప్పినాడు" అని ఓదార్చింది. తప్పినవాడి మీద లోకానికి కాస్త జాలి ఉంటుంది. కావాలని తప్పానంటే మాత్రం నవ్వి ఊరుకుంటుంది. కొన్నాళ్లకి నేనూ "కష్టమైన ప్రశ్నలిచ్చారండీ" అని చెప్పడం నేర్చుకున్నాను. అందరం సుఖపడ్డాం.

ఇంక చదవాలి. క్వార్టర్ రెండు గదులది. ఊళ్లోనే కుదుదండ్ పేటలో మా చుట్టాలింట్లో మేడ మీద గది ఖాళీగా ఉందంటే అక్కడికి వెళ్లాను. ఆ ఇంట్లో నలుగురు పిల్లలు. మేడ మీదకి లెక్కలవాడు వచ్చాడని తెలియగానే నలుగురూ పలకలు పట్టుకుని పైకొచ్చేశారు. తర్వాత ఒక గూడ్సు గార్డుని బతిమాలి, బ్రేక్‌వ్యాన్‌లో గతౌరా వెళ్లి అక్కడి చిన్న స్టేషన్‌లో కూర్చున్నాను. ప్రశాంతతకి లోటు లేదు. లోటల్లా అక్కడి స్టేషన్ మాస్టారికి మాట్లాడే మనిషి లేకపోవడమే. మూడు రోజుల్లో ఆయన పెళ్లి దగ్గర్నుంచి పంటినొప్పి దాకా నాకన్నీ తెలిశాయి. పుస్తకంలో ఒక్క పేజీ కదల్లేదు. చివరికి మా వరండాకి తడిక కట్టి, మంచం వేసి, అదే నా కాలేజీ అనుకున్నాను.

అసలు జబ్బు వేరే ఉంది, నిద్ర. వరండా పక్కనే షంటింగ్ ఇంజన్లు గుద్దుకుంటున్నా నాకు మెలకువ వచ్చేది కాదు. పొద్దున్నే లేచి చదివితేనే తలకెక్కుతుందని అందరూ అనేవారు. ఆ పొద్దున్న ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అమ్మ లేపితే "ఊఁ" అని అటు తిరిగేవాణ్ణి. నాన్న నాలుగు రోజులు చూసి, తనకి తెలిసిన వైద్యం చేశాడు.

గూడ్సు డ్రైవర్లకి వేళాపాళా ఉండదు. బండి ఎప్పుడు తయారైతే అప్పుడు డ్యూటీ. అందుకని బండికి రెండు గంటల ముందు షెడ్డు నుంచి కాల్‌బాయ్ క్వార్టర్‌కి వచ్చి, డ్రైవరుని లేపి, కాల్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని వెళతాడు. సంతకం పడిందంటే ఆ మనిషి లేచినట్టే. ఆ తర్వాత రాకపోతే తప్పు అతనిదే. మా వీధికి వచ్చే కాల్‌బాయ్‌కి యాభై దాటాయి, మనవలున్నారు. తఖత్‌పూర్ వైపు ఛత్తీస్‌గఢీ మనిషి. మా తెలుగువాళ్ల తలుపులు కొట్టీ కొట్టీ మా భాష సగం పట్టేశాడు.

నాన్న ఒక పాత నోటుబుక్కు తీసి, అచ్చం కాల్‌బుక్‌లాగే గీతలు గీశాడు. తేదీ, పేరు, బండి నంబరు, లేపిన టైము, సంతకం. బండి నంబరు కింద ప్రతి వరసలోనూ బి.ఏ. అని రాశాడు. కాల్‌బాయ్ చేతికి ఇచ్చి, రోజూ అయిదు గంటలకి వీడి చేత సంతకం పెట్టించమన్నాడు. అది రైల్వే కంపెనీ పని కాదు, పై వాళ్లకి తెలిస్తే ఊరుకోరు. అయినా ముసలాయన ఒప్పుకున్నాడు. మా నాన్న మీద అభిమానం ఒకటి, బి.ఏ.ని లేపే మొదటి కాల్‌బాయ్ తనేనన్న గర్వం ఒకటి.

మర్నాడు తెల్లవారుజామున తడిక సందులోంచి లాంతరూ, పుస్తకమూ లోపలికి వచ్చాయి. "ఉఠ్ గా బాబూ! దస్తఖత్!"

మా ఇంటిపేరుని ఇంగ్లీషులో గిలికి, కింద తోకలా ఒక గీత లాగాను. కాలేజీలో మాస్టార్లని చూసి నేర్చుకున్న సంతకం అది. నాన్నదీ అదే ఇంటిపేరు, కానీ ఆయన ఒక్కో అక్షరం విడివిడిగా, వ్యాగన్ మీద నంబరు రాసినట్టు రాసేవాడు.

వర్షాకాలమంతా బాగానే నడిచింది. ముసలాయన వచ్చేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ణి, లాంతరు వెలిగించుకుని కూర్చునేవాణ్ణి. లెక్కలు నిజంగానే తలకెక్కాయి. చలికాలం వచ్చేసరికి ఒక గొప్ప సత్యం కనిపెట్టాను. సంతకం పెట్టాక ఎవరూ చూడరు. దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటికి తీసి, గిలికి, మళ్లీ లోపలికి లాక్కుని ఏడింటి దాకా నిద్రపోవచ్చు. పుస్తకం ప్రకారం నేను అయిదింటికే లేచినవాణ్ణి. ఆ పుస్తకం చూసి నాన్న నెలకోసారి మురిసిపోయేవాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు, పరీక్షలకి నెల ఉందనగా, ముసలాయన రెండు పుస్తకాలు తెచ్చాడు. నాన్నకి ఏడింటి గూడ్సుకి కాల్ వచ్చింది. వరండాలో ముందు తగిలేది నా మంచమే. రెండు చోట్లా సంతకం పెట్టాను. "బాబూ, ఇది మీ నాన్నది. లోపలికెళ్లి లేపు, హాఁ?" అన్నాడు. "హాఁ హాఁ" అన్నాను. ఇదంతా నాకు తర్వాత కలలోలా గుర్తొచ్చింది. డ్రైవరు చేతే సంతకం పెట్టించుకోవాలని ఆయనకి తెలుసు. కానీ చలి, ఇంకా నాలుగు తలుపులు కొట్టాలి, పైగా నేను ఏడు నెలలుగా నమ్మకంగా సంతకం పెడుతున్న మనిషిని. వెళ్లిపోయాడు. నేను చెయ్యి లోపలికి లాక్కున్నాను.

నాన్న అంతకుముందు రోజంతా డ్యూటీ చేసి వచ్చి ఒళ్లెరక్కుండా పడుకున్నాడు. కాల్ రాలేదనుకుని అమ్మ కదపలేదు. ఏడూ పావుకి షెడ్డు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. ఇంజన్ ఆవిరి కట్టుకుని నిలబడింది, డ్రైవరు లేడు. నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే పరిగెత్తాడు. బొగ్గు బండి నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. దాని వెనక మరో రెండు బండ్లు ఆగాయి.

మూడో రోజుకి సంజాయిషీ రాసివ్వమని కాగితం వచ్చింది. అప్పటికే నేను అంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. ఇరవై ఒక్కేళ్లవాడు తల్లి ముందు అలా ఏడవడం మా క్వార్టర్‌లో అదే మొదలు. సిగ్గుతో అన్నం కూడా సహించలేదు. ఎందుకంటే ఆ ఏడాది నాన్నకి ప్యాసింజర్ బండి ఇవ్వాలని పేరు పైకి వెళ్లింది. గూడ్సు నుంచి ప్యాసింజర్‌కి మారడం అంటే ఆయనకి, నాకు ఎం.ఏ. ఎలాగో అలాగ.

"నేనొచ్చి నిజం చెప్పేస్తాను నాన్నా" అన్నాను.

"సెప్పి? నా పేరు నిలబడతాది, అవును. ఆ ముసిలోడి ఉజ్జోగం ఊడిపోద్ది. నీ పుస్తకం మోసుకొచ్చినందుకే కదా ఆడికీ తంటా? అది నేనిచ్చిన పుస్తకం." కాగితం నా ముందు పెట్టాడు. "రాయి. కాల్ ఒచ్చింది, సంతకం పెట్టినాను, మళ్లీ తొంగున్నాను. ఇంగిలీసులో గట్టిగా రాయి. అంత సదివినావు కదా."

నా జీవితంలో మొదటిసారి ఎవరికో పనికొచ్చే ఇంగ్లీషు రాశాను, అదీ అబద్ధం. రాసి తలెత్తేసరికి నాన్న నా నోటుబుక్కు తెరిచి, పక్కన నా చిత్తు కాగితం పెట్టుకుని, పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. నా సంతకం. గిలుకుడు వస్తోంది కానీ తోక రావడం లేదు. బొగ్గు పార పట్టిన చెయ్యి, అక్షరాన్ని విడిచిపెట్టి పైకి లేవదు.

"ఈ తోక ఏటిరా, ఎటునించి లాగతావు?"

చూపించాను. ఆ సాయంత్రం మా నాన్న నా పక్కన కూర్చుని రెండు పేజీల నిండా నా సంతకం నేర్చుకున్నాడు. అమ్మ లాంతరు దగ్గరికి జరిపింది.

మర్నాడు ఆయన వెంట షెడ్డుకి వెళ్లి ఫోర్‌మన్ గది బయట నిలబడ్డాను. దొర కాల్‌బుక్ తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టాడు. ఇది నీ సంతకంలా లేదే అన్నాడు. "నీంద్ మే థా, సాబ్" అని నిద్రమత్తు మీదకి తోశాడు నాన్న. దొర సంజాయిషీ కాగితం ముందుకి తోసి, తన ఎదుట సంతకం పెట్టమన్నాడు. నాన్న పెట్టాడు, తోకతో సహా. దొర కాగితం చూశాడు, పుస్తకం చూశాడు, తలుపు దగ్గర నన్ను చూశాడు. ఏం అర్థమైందో నాకు ఈనాటికీ తెలియదు. ప్యాసింజర్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం, వెళ్లమన్నాడు.

దారిలో నాన్న అన్నాడు. "నీకో ఏడు ఎక్కువైపోనాది. నాకూ ఒకటి తగిలింది. ఇద్దరిలో ఒకడైనా పాసవ్వాల మరి."

ఆ మర్నాడు అయిదింటికి ముసలాయన మళ్లీ వచ్చాడు. మానేస్తాడనుకున్నాను. పుస్తకం ఇవ్వకుండా, "ముందు మొహం కడుగు, తర్వాత దస్తఖత్" అన్నాడు. నేను కడుక్కుని, లాంతరు వెలిగించి, పుస్తకం తెరిచేదాకా అక్కడే నిలబడ్డాడు. పరీక్షలయ్యేదాకా ఒక్కరోజు కూడా అలా నిలబడకుండా వెళ్లలేదు.

ఈసారి మూడు పేపర్లూ రాశాను. స్టేషన్‌లో నారింజపళ్ల వైపు చూడనైనా లేదు. జూన్‌లో ఫలితాలు వచ్చాయి, సెకండ్ క్లాసు. నాన్న పేపరు తిప్పి తిప్పి చూసి, "షెడ్డులో ఆ ఖాళీ ఇంకోడికి ఇమ్మని సెప్పేస్తాను" అన్నాడు. అంతే. తర్వాత దొడ్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

మరుసటి ఏడాది ఆయనకి ప్యాసింజర్ బండి వచ్చింది. కానీ దొర ఎదుట పెట్టిన సంతకం మార్చితే అనుమానం వస్తుందని కాల్‌బుక్‌లో రోజూ అదే పెడుతూ వచ్చాడు. దొర వెళ్లిపోయాక కూడా మానలేదు. చెయ్యి అలవాటు పడిపోయింది అనేవాడు. రిటైరైన కాగితాల మీదా అదే ఉంది. ఉద్యోగం చేస్తూ నేను దూరాన ఉన్న రోజుల్లో, ఎవరి చేతనో రాయించి పంపిన ఉత్తరాల అడుగున కూడా నా ఇరవై ఒక్కేళ్ల గిలుకుడే కనిపించేది, కింద తోకతో.

నేను మాత్రం ఆ జూన్‌లోనే నా సంతకం మార్చుకున్నాను. ఇప్పుడు ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తాను.