దొరసాని నుదుట బొట్టు

ఆడవాళ్ల నుదురు ఖాళీగా కనిపిస్తే అలివేలుమంగగారికి చెయ్యి ఊరుకోదు. పర్సులో బొట్టుబిళ్లల అట్ట లేకుండా ఆవిడ గడప దాటగా చూసినవాళ్లు లేరు. కొడుకు శశాంక్ దగ్గరికి జర్మనీలోని బ్రెమెన్ వచ్చిన వారంలోపే షాంపూ సీసా మీది అమ్మాయికి బొట్టు పెట్టారు. కోడలు శ్రావ్య వర్క్ పర్మిట్ కార్డు మీది ఫొటోకీ పెట్టారు. వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటుకి వెళ్లి, ఆఫీసరు ముందు కార్డు తీసి పెట్టాక గానీ శ్రావ్య ఆ సంగతి చూసుకోలేదు.

"బోసి మొహంతో గవర్నమెంటు ఆఫీసుకి వెళ్తావా అమ్మాయ్?" అన్నారావిడ, తప్పంతా కోడలిదే అన్నట్టు.

ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆవిడ ఇక్కడే చిక్కుకుపోయారు. అందరూ మాస్కులు తగిలించుకున్నాక, మొహంలో ఇక మిగిలింది నుదురొక్కటే కదా అని ఇంకా రెచ్చిపోయారు.

కింది వాటాలో ఇంటి ఓనరు ఫ్రౌ బ్రాంట్ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ తలుపు పక్కనే, మెట్ల దగ్గర, అద్దాల ఫ్రేములో ఓ పాత తైలవర్ణచిత్రం. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో, ఆవిడ పూర్వీకుడెవరో ఇక్కడ ఓడెక్కి ఫిలడెల్ఫియాలో బాగా గడించి, భార్యని కూర్చోబెట్టి గీయించాడట. నల్లపట్టు గౌను, లేసు టోపీ, వేలికి ఉంగరం, వీధి అరుగంత నుదురు. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఇల్లు అద్దెకిచ్చిన రోజే చెప్పింది ఫ్రౌ బ్రాంట్.

ఓ పొద్దున చెత్తసంచీతో కిందికి దిగిన శ్రావ్య బొమ్మ ముందు ఆగిపోయింది. దొరసాని నుదుట రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు. అలివేలుమంగగారు ఓనరు తలుపు తట్టేసి, నాలుగు మెట్లు పైకెక్కి చేతులు జోడించి నిలబడ్డారు. ఫ్రౌ బ్రాంట్ బయటికొచ్చి, బొట్టు చూసి, జర్మన్‌లో ధారాళంగా తిట్టి, బొట్టు పీకి, ధడాలున తలుపేసుకుంది.

"అత్తయ్యా, ఇల్లు ఖాళీ చేయమంటుంది. ఈ లాక్‌డౌన్‌లో ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?"

"అద్దం మీదేగా పెట్టాను. అంత కలిగిన ఇల్లాలు బోసి నుదురుతో కూర్చుంటే ఎలా చూడను?"

మర్నాడు ఆకుపచ్చ బొట్టు. ఆ మర్నాడు మెరుపుల బొట్టు. రోజూ తలుపు తెరుచుకునేది, తిట్లు పడేవి, తలుపు మూసుకునేది. శ్రావ్యకి తిండి సహించడం మానేసింది. చివరికి అట్టలన్నీ సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, తాళంచెవి దాచేసింది.

తెల్లారి బెల్లు మోగింది. గుమ్మంలో మాస్కుతో, ఆయాసపడుతూ ఫ్రౌ బ్రాంట్. అయిపోయింది, ఖాళీ చేయమనడానికే వచ్చిందనుకుంది శ్రావ్య.

"ఈ రోజు బొమ్మ మీద చుక్క లేదు. మీ అత్తగారికి జ్వరమా?" అంది ఆవిడ జర్మన్‌లో.

శ్రావ్య ఆ మాట అత్తగారికి తెలుగులో చెప్పింది.

"లాక్‌డౌన్ పెట్టాక ఆ తలుపు తెరుచుకోవడమే లేదు కదే. పలకరిద్దామంటే నాకా భాష రాదు, దగ్గరికి వెళ్లకూడదంటిరి. ఊరికే తడితే తియ్యదు. బొమ్మకేమైందోనని మాత్రం పరిగెత్తుకొస్తోంది. తిట్టడానికైనా రోజూ కనిపిస్తే, మనిషి బాగానే ఉందని నాకు తెలుస్తుంది" అన్నారు అలివేలుమంగగారు.

శ్రావ్య సిగ్గుపడుతూ అదంతా జర్మన్‌లో చెప్పింది. ఫ్రౌ బ్రాంట్ మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు అలివేలుమంగగారు కిందికి వెళ్లేసరికి దొరసాని బొట్టు పెట్టుకునే ఉంది. పీకినవాటిలోంచి ఫ్రౌ బ్రాంట్ ఒకటి దాచి అంటించింది, కాకపోతే వంకరగా, కనుబొమ మీద. అలివేలుమంగగారు తలుపు దబదబా బాది, నాలుగు మెట్లు పైకెక్కి, ఆవిడ బయటికి రాగానే తెలుగులో తిట్టడం మొదలుపెట్టారు.